కొండ ఎప్పుడు లేచింది? అవక్షేప శిలలతో లెక్కకట్టే పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు భూగర్భశాస్త్రం చదివే పిల్లల్ని మహేంద్రగిరి వయసెంత అని అడిగితే, చాలామంది తడుముకోకుండా వంద కోట్ల ఏళ్లు అంటారు. రాయి వయసుగా అది దాదాపు సరైన జవాబే. మన తూర్పు కనుమల ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు సుమారు 95 నుంచి 100 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల 20 కిలోమీటర్లకు పైగా లోతులో, విపరీతమైన వేడికి మారిపోయిన రాళ్లు. కానీ ఈ రోజు కనిపించే 1501 మీటర్ల కొండ అప్పుడే లేచి ఇప్పటిదాకా అలాగే నిలబడి ఉందనుకోవడానికి లేదు. అన్ని కోట్ల ఏళ్ల వానకు, ఎండకు ఏ కొండా అరగకుండా ఉండదు.

అందుకే పద్ధతి ఎంచుకునే ముందు ప్రశ్నను విడగొట్టుకోవాలి. రాయి ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు ముడతపడింది, లోతు నుంచి నేల మీదికి ఎప్పుడు వచ్చింది, నేల ఎత్తు ఎప్పుడు పెరిగింది. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు తేదీలు ఉంటాయి. ఒకదాని జవాబును ఇంకోదానికి అంటగట్టడం విద్యార్థుల ప్రాజెక్టుల్లోనే కాదు, అచ్చయిన పరిశోధన పత్రాల్లో కూడా జరిగింది. 1990లో ఫిలిప్ ఇంగ్లండ్, పీటర్ మోల్నార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ తికమకను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. రాయి పైకి వచ్చిన దూరంలోంచి కోతకు పోయిన మందాన్ని తీసేస్తే మిగిలేదే నేల పెరిగిన ఎత్తు. రాయి 4 కిలోమీటర్లు పైకి వచ్చి, పైనున్న 4 కిలోమీటర్లూ కోసుకుపోతే, కొండ ఒక్క అంగుళం కూడా పెరగనట్టే.

ఇక అవక్షేప శిలలే ఎందుకు? కొండ తన చరిత్రను తన మీద దాచుకోలేదు. పైపైన ఉన్నది అరిగిపోతూ ఉంటుంది. ఆ అరిగిన మట్టి, ఇసుక, గులకరాళ్లు మాత్రం లోయలో, డెల్టాలో, సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడతాయి, అవే అవక్షేప శిలలు. కొండ మీద అన్నిటికన్నా పైనున్న రాయి ముందు అరుగుతుంది, లోయలో అడుగున చేరుతుంది. దొంతరగా పెట్టిన కంచాల్ని ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చినట్టు వరుస తలకిందులవుతుంది. ఇప్పుడు లేని కొండ గురించి తెలుసుకోవాలంటే ఆ రెండో దొంతరను చదవడమే దారి.

అన్నిటికన్నా ముందు, పొర వయసు

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇది తప్పదు. పొర ఎప్పుడు పేరుకుందో తెలియకపోతే, తర్వాత ల్యాబ్‌లో పెట్టే ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇందుకు నాలుగు దారులున్నాయి.

అగ్నిపర్వతపు బూడిద పొర దొరికితే అంతకన్నా అదృష్టం లేదు, దానికి నేరుగా తేదీ వేయవచ్చు. కానీ అది ఎక్కడపడితే అక్కడ దొరకదు. శిలాజాలు రెండో దారి. సిరోంచ దగ్గరి ‘కోట’ అనే పేరున్న పొరలు జురాసిక్ కాలానివని మనకు తెలిసింది వాటిలోని చేపల, సరీసృపాల శిలాజాల వల్లే. గడ్చిరోలి జిల్లాలో మన తెలుగువాళ్లున్న ఆ ప్రాంతంలోనే బారాపాసారస్ అనే భారీ డైనోసార్ ఎముకలు దొరికాయి. దాని పూర్తి పేరు బారాపాసారస్ టాగోరీ, రవీంద్రుడి శతజయంతి గుర్తుగా పెట్టింది. మూడోది పొరల్లో నిలిచిపోయిన అయస్కాంత దిశ. భూమి అయస్కాంత ధ్రువాలు చరిత్రలో చాలాసార్లు తారుమారయ్యాయి, చివరిసారి సుమారు 7.7 లక్షల ఏళ్ల కిందట. ఆ తారుమార్ల వరుసను పొరల్లో చదివి, ప్రపంచ పట్టికతో సరిపోల్చుతారు. హిమాలయాల పాదాల్లోని శివాలిక్ పొరలకు ఇది అద్భుతంగా పనిచేసింది. ఎక్కడా తెగకుండా వందల మీటర్ల మందాన మెత్తటి మట్టిరాళ్లు ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

నాలుగోది జిర్కాన్ అనే ఖనిజపు గింజలు, అవి పుట్టిన తేదీని కొలవవచ్చు. పొరలో దొరికిన అన్నిటికన్నా చిన్న వయసు జిర్కాన్ కంటే ఆ పొర పాతది కాలేదు. తర్కం గట్టిదే, కానీ మన ప్రాంతంలో దీన్ని నమ్ముకుంటే నష్టపోతాం. గంజాం తీరంలో ఛత్రపురం, గోపాలపురం దగ్గరి ఇసుక చూడండి. ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్, జిర్కాన్ కలిసిన ఇసుక అది. కనుమల రాళ్లు అరిగి వచ్చిన గింజలే ఎక్కువ. అందులోని జిర్కాన్లకు తేదీ వేస్తే ఎక్కువ భాగం 50 కోట్ల ఏళ్లకు పైబడినవే వస్తాయి. ఇసుకేమో నిన్నటి కెరటం తెచ్చి వేసింది! అగ్నిపర్వతాలు ఆరిపోయి యుగాలు గడిచిన చోట జిర్కాన్ పొర వయసు చెప్పదు, గింజ ఏ రాయి నుంచి వచ్చిందో చెబుతుంది. ఆ పనికి మాత్రం దానికి సాటి లేదు.

సుత్తి, దిక్సూచి, నోటుపుస్తకంతో అయ్యేవి

ఖరీదైన యంత్రం లేకపోతే ఈ విషయంలో ఏమీ చేయలేమన్న అభిప్రాయం మన కాలేజీల్లో బలంగా ఉంది. అది నాకు నచ్చదు. ఈ శాస్త్రానికి పునాది వేసిన పని అంతా కాళ్లతో, కళ్లతో చేసిందే.

అన్నిటికన్నా పాత పద్ధతి పొరల మధ్య తెగిన గీతను వెతకడం. కింద పొరలు వాలిపోయి, ముడతపడి ఉంటాయి. వాటిని అడ్డంగా కోసేసినట్టు ఒక గీత, దాని మీద చదునుగా పరుచుకున్న కొత్త పొరలు. ఇంగ్లీషు పాఠాల్లో దీన్నే అన్‌కన్ఫార్మిటీ అంటారు. కదలిక కింది పొరల్లో చివరిదాని తర్వాత, పై పొరల్లో మొదటిదానికి ముందు జరిగిందన్నమాట. 1788లో జేమ్స్ హట్టన్ స్కాట్లండ్‌లోని సిక్కార్ పాయింట్ దగ్గర చూసింది ఇదే. మనకు అంత దూరం అక్కర్లేదు. చంద్రపూర్ జిల్లాలో పెన్‌గంగ సున్నపురాయి మీద తాల్చేర్ పొరలు కూర్చున్న చోటికి వెళ్తే చాలు. కిందిది ప్రొటెరోజోయిక్ కాలపు, అంటే 54 కోట్ల ఏళ్లకు ముందటి సముద్రపు రాయి, పైది సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి హిమానీనదాలు తెచ్చి పడేసిన రాళ్లమట్టి. మధ్యలో కోట్లకు కోట్ల ఏళ్లు మాయం. ఈ పద్ధతి బలహీనత కూడా అదే. మధ్యలో ఖాళీ ఎంత పెద్దదైతే జవాబు అంత వదులుగా ఉంటుంది. ఖాళీ చిన్నదైన చోట దీన్ని మించిన సాక్ష్యం లేదు.

ఖాళీ లేకుండా, కొండ లేస్తున్నప్పుడే పక్కన పొరలు పడుతూ ఉంటే ఇంకా మంచిది. అడుగు పొర ఎక్కువ వాలి, పైకి వచ్చేకొద్దీ వాలు తగ్గుతూ, పొరలు విసనకర్రలా విచ్చుకుంటాయి. వాలు మారడం మొదలైన పొర వయసే కదలిక మొదలైన తేదీ. ముడతకు తేదీ కావాలంటే నా ఓటు దీనికే. మడతపడుతున్న కొండల అంచున మాత్రమే ఇది దొరుకుతుంది కాబట్టి తూర్పు కనుమల్లో దీని కోసం తిరగడం దండగ. శివాలిక్ కొండల్లో వెతకండి.

సముద్రపు శిలాజాలు కొండ మీద దొరకడం అందరికీ తెలిసిన సాక్ష్యం. ఎవరెస్ట్ శిఖరం మీద ఉన్నది ఆర్డోవిషియన్ కాలపు సముద్రపు సున్నపురాయి. అయితే దాని వయసు 44 కోట్ల ఏళ్లకు పైమాటే, హిమాలయం లేచింది అంతకు ఎంతో తర్వాత. ఇక్కడ పనికొచ్చేది అన్నిటికన్నా ఆఖరి సముద్రపు పొర. హిమాచల్‌లోని సుబాతు పొరల్లో నాణేల్లాంటి నుమ్ములైట్ శిలాజాలున్నాయి, అవి సుమారు 5 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటిదాకా అక్కడ సముద్రం ఉంది, కాబట్టి కొండ ఆ తర్వాతే. పత్రికల్లో ఎత్తైన శిఖరం మీది శిలాజం గురించి చదివినప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాత ప్రవాహ దిశను కొలవడం. ఇసుకరాయిలో పెద్ద పొరకు అడ్డంగా వాలిన చిన్న చిన్న పొరలుంటాయి. నది ఇసుకను ఏ వైపు తోసిందో ఆ వాలు చెబుతుంది. ఒక చోట కొన్ని పదుల కొలతలు తీసి సగటు చూస్తే పాత నది దిక్కు తేలుతుంది. నది పారేది పల్లానికి కాబట్టి మెరక ఎటు ఉండేదో కూడా తేలినట్టే. ప్రాణహిత, గోదావరి లోయలోని బొగ్గు పొరలున్న బరాకర్ ఇసుకరాళ్లలో ఈ కొలతలు ఎక్కువగా వాయవ్య దిక్కును చూపిస్తాయి. ఇప్పుడు అదే లోయలో గోదావరి ఆగ్నేయంగా బంగాళాఖాతం వైపు పారుతోంది. అంటే అప్పటి నదులు సరిగ్గా ఎదురు దిక్కులో పారాయి! ఎందుకంటే అప్పుడు ఇటువైపు సముద్రమే లేదు. అంటార్కిటికా మన తూర్పు తీరానికి అతుక్కుని ఉండేది, మెరక అంతా ఆ వైపే. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఆ ఖండం విడిపోయాక ఇటు సముద్రం తెరుచుకుంది, తీరం వెంబడి కొత్త పొరలు పడటం మొదలైంది. ఒక దిక్సూచి, వాలు కొలిచే సాధనం, ఓపిక ఉంటే చాలు, ఇంత పెద్ద కథ చేతికి వస్తుంది. సిరోంచ, అహేరి వైపు పిల్లలు తమ ఊరి రాళ్లతోనే ఇది చేయగలరు.

గులకరాళ్ల లెక్క కూడా ఇలాంటిదే. పొరలో ఏ రకం గులకరాళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే, కొండ మీద ఏ రాయి ఎప్పుడు బయటపడిందో తెలుస్తుంది. గులకరాళ్లు లేని చోట ఇసుకలోని బరువైన ఖనిజాలు అదే పని చేస్తాయి. శివాలిక్ పొరల్లో పైకి వచ్చేకొద్దీ కయనైట్ లాంటి, లోతులో ఎక్కువ వేడికి మారిన రాళ్ల ఖనిజాలు కనిపిస్తాయి. అంటే పైపై రాయి అరిగిపోయి, లోపలి రాయి వెలుగు చూసిందన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. పొరల్లో హఠాత్తుగా పెద్ద గులకరాళ్లు మొదలయ్యాయంటే కొండ అప్పుడే లేచిందని రాసేయకండి. గత 20 నుంచి 40 లక్షల ఏళ్లలో ప్రపంచంలో చాలా చోట్ల ఒకేసారి ముతక రాళ్లు పేరుకున్నాయి. అన్ని కొండలూ ఒకేసారి లేచాయా, లేక వాతావరణం మారి కోత పెరిగిందా అని 1990లోనే మోల్నార్, ఇంగ్లండ్ ప్రశ్నించారు. ఆ వాదన ఇప్పటికీ ముగియలేదు. గులకరాళ్లతో పాటు ప్రవాహ దిశ మారిందా, ఖనిజాలు మారాయా అన్నది కూడా చూసుకుంటేనే ఆ సాక్ష్యం నిలబడుతుంది.

గింజలో దాగిన గడియారం

రాయి లోతు నుంచి నేల మీదికి ఎంత వేగంగా వచ్చిందో కావాలంటే ఖనిజపు గింజలు చల్లారిన తేదీ కావాలి. అపటైట్ అనే ఖనిజంలో కొద్దిగా యురేనియం ఉంటుంది. అది అప్పుడప్పుడు తనంతట తాను పగిలి, స్ఫటికంలో ఒక సన్నని గాటు పెడుతుంది. గాటు పొడవు మిల్లీమీటరులో అరవయ్యో వంతు. గింజను కోసి, నునుపు చేసి, నైట్రిక్ ఆమ్లంలో కాసేపు ముంచితే గాట్లు సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. సుమారు 110 డిగ్రీలకు మించిన వేడిలో గాట్లు మాసిపోతాయి. కాబట్టి గాట్ల లెక్క చెప్పేది గింజ ఆ వేడి కిందికి దిగిన తేదీ. యురేనియం క్షీణించగా పుట్టే హీలియంను అపటైట్‌లోనే కొలిస్తే సుమారు 70 డిగ్రీల తేదీ, జిర్కాన్‌లో హీలియం కొలిస్తే సుమారు 180 డిగ్రీల తేదీ వస్తాయి.

అసలు కీలకం ఆ తేదీకీ, గింజ దొరికిన పొర వయసుకీ మధ్య తేడా. ఉదాహరణకు, పొర వయసు 80 లక్షల ఏళ్లు, అందులోని అపటైట్ చల్లారిన తేదీ కోటి ఏళ్లు అనుకుందాం. తేడా 20 లక్షల ఏళ్లు. నేల మీద 20 డిగ్రీలు, కిలోమీటరు లోతుకు 25 డిగ్రీల చొప్పున వేడి పెరిగితే 110 డిగ్రీలు ఉండేది 3.6 కిలోమీటర్ల లోతున. అంత దూరం 20 లక్షల ఏళ్లలో వచ్చిందంటే ఏడాదికి 1.8 మిల్లీమీటర్లు. ఇది చాలా వేగం, చురుగ్గా లేస్తున్న కొండల వేగం. అదే తేడా 6 కోట్ల ఏళ్లు వస్తే వేగం ఏడాదికి 0.06 మిల్లీమీటరే. అది నిద్రపోతున్న పాత కొండ. కింది పొర నుంచి పై పొర దాకా ఈ తేడా తగ్గుతూ వస్తే కోత వేగం పుంజుకుంటోందని అర్థం. మరీ వేగంగా రాయి పైకి వస్తే లోపలి వేడి కూడా దానితో పాటు పైకి జరుగుతుంది, అప్పుడు ఈ సాదా లెక్క వేగాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది.

దీనికి రెండు షరతులు. ఒకటి, పొర తర్వాత మూడు నాలుగు కిలోమీటర్ల లోతుకు పూడిపోయి ఉండకూడదు. అలా పూడితే గాట్లు మళ్లీ మాసిపోయి, గడియారం మొదటికొస్తుంది. రెండు, గింజలు తగినన్ని ఉండాలి. జిర్కాన్ వయసుల విషయంలో, మొత్తంలో 5 శాతం ఉన్న ఏ వర్గమూ తప్పిపోలేదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 117 గింజలు కొలవాలని లెక్క. ఇరవై ముప్పై గింజలతో కొండ చరిత్ర రాసేవాళ్లను నమ్మకండి.

మన వైపు ఈ పద్ధతికి ఇంకో చిక్కుంది. అపటైట్ ఆమ్ల గుణమున్న నేలలో కరిగిపోతుంది. కోరాపుట్ కొండల మీద పంచపట్‌మాలి లాంటి చోట్ల బాక్సైట్ ఏర్పడేంతగా రాళ్లు కుళ్లాయంటే, అలాంటి నేలలో అపటైట్ మిగలడం కష్టం. జిర్కాన్ కరగదు, కానీ మన జిర్కాన్లు ముసలివి. లోపలి యురేనియం కోట్ల ఏళ్లుగా వెలువరించిన కిరణాలకు స్ఫటికం దెబ్బతిని, హీలియం నిలిచే తీరు గింజ గింజకూ మారుతుంది. గాట్లయితే లెక్కపెట్టలేనంత కిక్కిరిసి ఉంటాయి. అందుకే కనుమల మీద నాది ఒకే మాట. ఒడ్డున దొరికిన పాత ఇసుక కాకుండా, వర్షాల తర్వాత వంశధార, నాగావళి కొండల్లోంచి దింపే తాజా ఇసుకను, దానితో పాటు కొండ మీద వేర్వేరు ఎత్తుల్లో కుళ్లని గట్టి రాయిని తీసుకోండి. అవక్షేపం ఒక్కటే చాలని పట్టుబట్టే చోటు కాదిది.

హిమాలయానికి వస్తే పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ పొరలు పుష్కలం, కోత వేగం ఎక్కువ, అపటైట్ తాజాగా దొరుకుతుంది. హిమాలయపు మట్టి శివాలిక్‌తో ఆగకుండా గంగ, బ్రహ్మపుత్రల వెంట మన బంగాళాఖాతం అడుగున సుమారు 3000 కిలోమీటర్ల పొడవున పరుచుకుంది. 2015లో అంతర్జాతీయ సముద్ర తవ్వకాల 354వ యాత్ర తవ్వింది ఆ పొరల్నే.

నేరుగా ఎత్తునే కొలవగలమా?

కొండ ఎక్కేకొద్దీ వాననీటిలో బరువైన ఆక్సిజన్ తగ్గుతుంది, ప్రతి 100 మీటర్లకు వెయ్యికి 0.28 వంతు చొప్పున. పాత నేలల్లోని సున్నపు గడ్డల్లో ఆ గుర్తు మిగిలితే పాత ఎత్తు లెక్కకట్టవచ్చు. టిబెట్‌కు ఇది సరైన ఎంపిక, ఎందుకంటే అక్కడ 4, 5 వేల మీటర్ల తేడా. మన 1500 మీటర్ల కొండకు వచ్చే తేడా వెయ్యికి 4 వంతులే. రుతుపవనాల హెచ్చుతగ్గులే అంత తేడాను మింగేయగలవు. ఆకు శిలాజాల అంచులు చూసి పాత వాతావరణాన్ని, దాన్నిబట్టి ఎత్తును అంచనా వేసే పద్ధతికీ ఇదే ఇబ్బంది. తూర్పు కనుమలకు రెండూ వద్దు.

మీ పరిస్థితికి ఏది

డిగ్రీ చివరి ఏడు ప్రాజెక్టు, చేతిలో ఒక సెమిస్టర్, బస్సు ఛార్జీలకు మించి డబ్బు లేదు. అలాంటప్పుడు ల్యాబ్ ఆశ పెట్టుకోకండి. గడ్చిరోలి, చంద్రపూర్ వైపు వాళ్లు ప్రవాహ దిశ తీసుకోండి, తాల్చేర్, బరాకర్, కోట లాంటి గోండ్వానా పొరలు మీ కాళ్ల కిందే ఉన్నాయి. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు వాళ్లకు పొరలున్న పాత రాళ్లు దగ్గర్లో లేవు, ఖొండలైట్‌లో ఒకప్పటి పొరలున్నా అవి వేడికి మారిపోయాయి. మీరు నది ఇసుకలో బరువైన ఖనిజాల లెక్క తీసుకోండి. గుణుపురం నుంచి కాశీనగర్ మీదుగా కళింగపట్నం దాకా వంశధార వెంట నాలుగైదు చోట్ల నమూనా తీసి, గార్నెట్, సిల్లిమనైట్ వాటా ఎలా మారుతుందో చూస్తే, ఏ ఉపనది ఏ రాయిని మోసుకొస్తోందో తెలుస్తుంది. ఇది కొండ లేచిన తేదీ చెప్పదు. తేదీ వేయడానికి ఏ గింజ, ఎక్కడి నుంచి తీయాలో చెబుతుంది. తర్వాత చేసేవాళ్లకు ఆ పట్టిక బంగారం లాంటిది.

పీజీ దాటి పరిశోధనలోకి వెళ్తున్నవాళ్లు, టెన్షన్ పడకుండా ముందే ఒక ల్యాబ్‌తో మాట్లాడుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, డెహ్రాడూన్‌లోని వాడియా సంస్థ లాంటి చోట్ల ఎవరు ఏ యంత్రం మీద పనిచేస్తున్నారో తెలుసుకున్నాకే నమూనాలు తీయండి. గాట్లు లెక్కపెట్టే పనికి కావలసిన రాయి బరువు వేరు, జిర్కాన్‌కు వేరు. గత కొన్ని వేల నుంచి కొన్ని లక్షల ఏళ్ల కోత వేగమే మీ ప్రశ్న అయితే, ఆకాశం నుంచి వచ్చే కిరణాల వల్ల క్వార్ట్జ్‌లో పుట్టే బెరీలియం-10, అల్యూమినియం-26 కొలవండి. ఢిల్లీలోని అంతర్ విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలో ఆ కొలతలు చేస్తారు. క్వార్ట్జ్‌కు మన నదుల్లో కొదవ లేదు, కుళ్లడం సమస్య కూడా కాదు. తూర్పు కనుమల ఇటీవలి చరిత్రకు నేనైతే దీన్నే ముందు పెడతాను.

నమూనాల విషయంలో ఇంకొకటి. సిరోంచ వైపు శిలాజాలు కనిపిస్తే తీయకండి, ఫొటో తీసి, చోటు రాసుకుని, అటవీ శాఖకో మీ ఆచార్యులకో చెప్పండి. చోటు నుంచి కదిలిన శిలాజానికి పొర వయసు చెప్పే శక్తి పోతుంది. తీరపు ఇసుకలో మోనజైట్ ఉంటుంది, అది అణుశక్తి శాఖ నియంత్రణలో ఉన్న ఖనిజం. కాలేజీ నుంచి అనుమతి కాగితం లేకుండా సంచి నింపకండి. ప్రతి సంచి మీద తేదీ, అక్షాంశ రేఖాంశాలు, ఏ పొర, పొరలో ఎంత ఎత్తున అన్నది చెరగని ఇంకుతో రాయండి. అదే వివరం ఇంకో చీటీ మీద రాసి సంచి లోపల కూడా వేయండి. తడి ఇసుక సంచుల మీది రాతలు దారిలోనే చెరిగిపోతుంటాయి.